వాడని సరుకు

సరుకు అమ్మేశాక దాని నీడ కూడా కొట్లో మిగలకూడదన్నది ఫోటో ఆల్బమ్‌లు చేసే ఆల్బమమ్మ పద్ధతి. చేత్తో పట్టుకునే సరుకైనా, తెర మీద తప్ప కనబడని సరుకైనా ఆ పద్ధతిలో తేడా లేదు. అందుకే సోమవారం పదకొండు గంటలకు డ్రాయింగ్ టీచరు నల్ల డిస్కును చేతిసంచిలో వేసుకుని మెట్లు దిగగానే, ఆమె కంప్యూటరు ముందు కూర్చుని తన దగ్గరున్న నకలును తుడిచేయడం మొదలుపెట్టింది.

ఇరవై రెండు వేల పైచిలుకు బొమ్మలు. రంగు కాగితాలు, లేసు అంచులు, రిబ్బన్లు, బొత్తాలు, ఎండిన పూలు, దారపు కుట్లు, గుండుసూదులు, ఆ గుండుసూది పక్కన పడే సన్నటి నీడతో సహా. ఫోటో కింద కాగితం పరిచి, మూలన పువ్వు పెట్టి, అంచుకు కుట్టు వేసి అచ్చుకు పంపితే ఎవరో ఓపిగ్గా కత్తిరించి జిగురుతో అతికించినట్టే ఉండేది పేజీ. ఒక ఇంటికి వాడిన పువ్వు ఇంకో ఇంటికి వాడేది కాదు ఆమె. వాడిన వెంటనే దాన్ని తెల్ల డిస్కులోకి పంపేసేది. వాడనివన్నీ నల్ల డిస్కులో ఉండేవి. జనం ఆల్బమ్‌లు చేయించుకోవడం మానేసి మూడేళ్ళయింది. తెల్ల డిస్కు పెరగడం ఆగిపోయింది, నల్ల డిస్కు తగ్గడం ఆగిపోయింది. కదలని సరుకును ఎన్నాళ్ళని కాపలా కాస్తాం అనుకుంది. పారేయబుద్ధి కాలేదు, ఊరికే పంచబుద్ధీ కాలేదు. డ్రాయింగ్ టీచరు వచ్చి అడిగితే బేరం రెండు మాటల్లో తెగింది.

కింద గొడుగులూ సంచులూ బాగుచేసే గొడుగులాయన రెండు గ్లాసుల టీతో పైకి వచ్చాడు.

"ఏంటక్కా, పూలు వాడిపోకముందే పారబోస్తున్నావ్?"

"పారబోయడం కాదు, అమ్మేశాను."

"అమ్మితే ఆవిడ పట్టుకెళ్ళిందిగా. మళ్ళీ ఈ తుడవడం దేనికి? నీ దగ్గర ఒకటి ఉండిపోతే ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. నువ్వు గొడుగు అమ్మేసి, వానొస్తే పరిగెత్తుకెళ్ళి ఆ గొడుగులోనే దూరతావా?"

"కొన్నవాడు దూరనిస్తే ఎందుకు దూరనూ?" అని నవ్వి గ్లాసు అందించాడు. "నీతో వ్యాపారం చేస్తే ఎవరికీ భయముండదక్కా. నీకే కష్టం."

తెర మీద ఆకుపచ్చ గీత చివరికంటా వెళ్ళి ఆగింది. ఆల్బమమ్మ చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, మళ్ళీ ఎవరూ వెలికి తీయలేకుండా మీద మరో రెండుసార్లు ఉత్త సున్నాలు రాసింది. ఆ పని చేసే ఉపాయం ఆమెకు తెలుసు. తుడిస్తే ఇక తుడిచినట్టే.

ఫోను మంగళవారం పొద్దున్నే వచ్చింది, ఆమె ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తకముందే.

"నమస్కారమమ్మా. పళ్ళ డాక్టర్ని. గుర్తున్నానా? ఏడేళ్ళ కిందట మా పాప మొదటి ఏడాది ఆల్బమ్ మీకిచ్చాం. మధ్యలో ఆపించాను."

గొంతు మెత్తగా, తొందర లేకుండా ఉంది. ఆల్బమమ్మకు మనిషి గుర్తుకు రాలేదు గానీ నోరు అలవాటు ప్రకారం పలికింది. "అయ్యో, గుర్తులేకేం డాక్టరుగారూ."

"ఆ ఫోటోలున్నాయా మీ దగ్గర? నా కెమెరా కార్డు ఎప్పుడో పోయింది. ఇంకెక్కడా లేవు. మీ దగ్గరివే ఆఖరివి."

"ఉంటాయండీ. నేనేదీ పోగొట్టను."

"సంతోషం. గురువారం నాలుగింటికి వస్తాను."

షట్టరు సగంలో వదిలేసి ఆమె ఆర్డరు పుస్తకాల అలమర తెరిచింది. ఒక్కో ఆర్డరుకూ మూడు చీటీలు ఆమె దగ్గర. తెల్లది కొన్నవాళ్ళకు, పసుపుది పుస్తకంలోనే, గులాబీ రంగుది పని కవరులోకి. ఏం చేయాలో కొన్నవాళ్ళ చేతే రాయించేది, మధ్యలో కార్బన్ కాగితాలు పెట్టి. తర్వాత నేనలా చెప్పలేదు, నువ్విలా చేశావన్న పేచీ రాకూడదని. పసుపు చీటీ దొరికింది. పాప మొదటి ఏడాది, నెలకో పేజీ, పన్నెండు పేజీలు. అడ్డంగా ఆమె చేతిరాత: పది అయ్యాయి, ఆపమన్నారు.

అక్కడే ఆమె వేలు ఆగిపోయింది.

పూర్తయిన ఆర్డరు తెల్ల డిస్కులోకి వెళ్తుంది. ఆగిపోయినది వెళ్ళదు. ఏ ఆర్డరుకైనా ముందుగా వాడని సరుకులోంచే కాగితాలూ పూలూ ఏరి, నల్ల డిస్కులోనే ఒక అర కట్టి, కొన్నవాళ్ళ ఫోటోలను వాటి పక్కనే పెట్టుకునేది ఆమె. పని అయ్యాక అర మొత్తం ఎత్తి తెల్లదానిలో పెట్టేది. ఈ ఆర్డరు అవలేదు. అంటే పాప నల్ల డిస్కులోనే ఉంది, లేసుల మధ్య, బొత్తాల మధ్య. ఆ డిస్కు నిన్న అమ్మేసింది. దాని నకలు మీద తన చేతులతోనే సున్నాలు రాసింది.

ఒక బిడ్డ మొదటి ఏడాది. ఇంకెక్కడా లేవన్నాడు.

షట్టరు దింపి తాళం వేయడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. గొడుగులాయన తలెత్తి చూశాడు. "ఏమైందక్కా, మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు. ఒక వస్తువు మర్చిపోయాను."

"నువ్వా? మర్చిపోయావా?" అన్నాడతను. జోకు అనుకున్నాడు గానీ ఆమె నవ్వలేదు.

డ్రాయింగ్ టీచరు ఇల్లు మూడు వీధుల అవతల, ఇరుకైన మెట్ల పైన. దారంతా ఆల్బమమ్మ ఒకటే లెక్క వేసుకుంటూ నడిచింది. టీచరు ఒక్క రోజులో ఎంత చూసి ఉంటుంది? చూసినదాంట్లో ఎంత తీసేసి ఉంటుంది? చేయి వణుకు వచ్చి బ్రష్షు వదిలేసిన మనిషి, మౌసుకు వణుకు తెలియదని కంప్యూటరు మీద గ్రీటింగు కార్డులు చేస్తోంది. పనీపాటా లేని మనిషికి సరుకు దొరికితే రాత్రికి రాత్రే సర్దేస్తుంది. సర్దకుండా ఉండాలి. ఒక్క రోజైనా బద్ధకించి ఉండాలి.

టీచరు బద్ధకించలేదు.

"రండి రండి. మీ సరుకంతా రంగుల ప్రకారం పెట్టేస్తున్నాను. పసుపులు అయిపోయాయి, ఎరుపుల్లో ఉన్నాను. మీరు నెంబర్ల ప్రకారం పెట్టారు. నెంబరుతో పువ్వును ఎవరైనా వెతుకుతారా అండీ?"

"టీచరుగారూ, అందులో ఒక అరలో ఫోటోలు..."

"ఆఁ, చూశాను. ఎవరో తల్లీబిడ్డా. మనుషులున్నవి నాకెందుకని తీసేశాను."

ఆల్బమమ్మ గోడ పట్టుకుంది. టీచరు కళ్ళజోడు పైకి జరిపి ఆమె వంక చూసింది.

"కూర్చోండి. తీసేశానంటే చెత్తబుట్టలో వేశాను. మా ఇంట్లో ఏ చెత్తబుట్టా నెల తిరక్కుండా ఖాళీ అవ్వదు, కావాలంటే వంటింట్లో చూడండి." వణికే చేతిని మౌసు మీద ఆనించి, రెండు నొక్కులతో అరను బయటికి లాగింది. "ఇవేనా?"

ఇవే. పన్నెండు ఫోటోలు, ఆమె చేసిన పది పేజీలు. ఆల్బమమ్మ కుర్చీలో కూలబడి చీర కొంగుతో మెడ తుడుచుకుంది. తెచ్చుకున్న పెన్‌డ్రైవులోకి అర మొత్తం ఎక్కించుకుంటూ, బతికిపోయానని ఒకటికి పదిసార్లు మనసులో అనుకుంది.

"తీసేసే ముందు వీటిని కాసేపు చూశాను," అంది టీచరు. "ఆ తల్లికేదైనా చర్మం జబ్బా?"

"ఎందుకూ?"

"ఒక్కో నెల ఒక్కోచోట మచ్చ. ఇదిగో, ఇక్కడ మోచేతి పైన. ఇక్కడ మెడ పక్కన. ఇక్కడ దవడ కింద. మొదట జబ్బే అనుకున్నాను." టీచరు ఫోటోను పెద్దది చేసింది. "జబ్బుకైతే ఒకటే రంగుండాలి. ఇది చూడండి, ఊదా. తాజాది. దీని పక్కనున్నది ఆకుపచ్చకు తిరిగింది, వారం దాటినది. ఈ అంచున పసుపు, ఇంకా పాతది. నలభై ఏళ్ళు రంగులు కలిపాను ఆల్బమమ్మగారూ. దెబ్బ రంగు నాకు తెలుసు. ఇవి నాలుగు వేళ్ళు. ఇది బొటనవేలు."

ఆల్బమమ్మ తెర వైపు చూసింది. తర్వాత అదే నెల పేజీ తెరిచింది, తను చేసినది. తల్లి చెయ్యి పాలమీగడలా నున్నగా ఉంది. పక్కన లేసు, మూలన చిన్న తెల్ల పువ్వు.

ఆ చెయ్యి అంత నున్నగా చేసింది తనే.

బుధవారం ఆమె కొట్టు తెరిచి, షట్టరు సగానికే ఎత్తి, లోపల కూర్చుంది. పని కవర్ల పెట్టెలోంచి గులాబీ చీటీ వెతికి తీసింది. పళ్ళ డాక్టరు చేతిరాత ముద్దుగా, వరస తప్పకుండా ఉంది. 'ప్రతి ఫోటోలో భార్య చేతులు, మెడ, ముఖం మీది మచ్చలు పూర్తిగా తీసేయాలి. ఎక్కడా జాడ ఉండకూడదు.' కింద సంతకం, తేదీ.

మచ్చ తీయడమంటే కష్టమైన పనేం కాదు. పక్కనున్న మంచి చర్మాన్ని కొంచెం తీసుకుని మచ్చ మీద అద్దాలి. అంచు తెలియకుండా మళ్ళీ అద్దాలి. వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో చూసుకోవాలి. మొటిమలు, కాలిన గుర్తులు, మశూచి గుంటలు, ముసలివాళ్ళ కళ్ళ కింద సంచులు, అన్నీ అలాగే తీసేది. మచ్చ చూసేది గానీ మనిషిని చూసేది కాదు. ఇప్పుడు పాత ఫోటో ఒకవైపు, పేజీ ఒకవైపు పెట్టుకుని చూసింది. పదింటిలో తొమ్మిదింట్లో ఉన్నాయి. తొమ్మిదింటినీ తీసింది. చివరి రెండు నెలల ఫోటోల్లో తల్లే లేదు, పాప ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ అమ్మాయి. బిడ్డనెత్తుకుని ఇదే స్టూలు మీద కూర్చుంది. కాగితాలు ఏరుకోవడానికి భర్త లేకుండా ఒక్కసారే వచ్చింది. అంతసేపూ ఒక్క కాగితమూ ఏరలేదు. లేచి వెళ్ళేముందు అడిగింది, "అక్కా, ఒక్క ఫోటోలో మాత్రం మచ్చ ఉంచేయగలరా? ఒక్కటి. వదిలేయండి."

తనేమంది?

"ఒకటి వదిలేస్తే నా పనికి మాటొస్తుందమ్మా. నీకేం దిగులొద్దు, అద్దంలా చేసిస్తాను," అని నవ్వింది. ఆ అమ్మాయి సిగ్గుపడుతోందనుకుంది. తన పనితనం మీద నమ్మకం చాలక అడుగుతోందనుకుంది. గులాబీ చీటీ వెనక్కి తిప్పి చూసింది. ఆ రోజు ఆ అమ్మాయి రాసినదే, పెన్సిలుతో ఒక నెంబరు, కింద చిన్న అక్షరాలతో: 'ఫోటోలు ఎవరడిగినా ముందు నాకు ఫోను చేయండి.'

ఏడేళ్ళుగా ఆ చీటీ వెనక్కి తిప్పలేదు ఆల్బమమ్మ.

మధ్యాహ్నం ఫోను మోగితే ఉలిక్కిపడింది.

"ఏమ్మా, దొరికాయా?"

"దొరికాయండీ."

"మంచిది. పేజీలు నేను తీసుకెళ్తాను. అసలు ఫోటోలు మాత్రం నా ఎదురుగా తుడిచేయాలి. నేను రాసిచ్చిన చీటీ కూడా ఇచ్చేయండి. కుటుంబ విషయం, అర్థం చేసుకుంటారు కదా. అన్నట్టు, మీ బిల్డింగు ఓనరు మా పేషెంటేనమ్మా. నిన్న కూడా వచ్చారు. మీ గురించి మంచిగానే చెప్పారు. అద్దె కాగితం వచ్చే నెలతో అయిపోతుందట కదా?"

"అవునండీ."

"ఏం పర్లేదు. నేను చెప్తాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఇంత భయం వేసేది కాదు. ఫోను పెట్టేశాక కూడా ఆ మెత్తటి గొంతు గదిలోనే ఉన్నట్టనిపించి లేచి కిటికీ తీసింది. అద్దె కాగితం సంగతి ఆయనకెందుకు తెలియాలి? నిన్ననే ఓనరును ఎందుకడిగాడు?

ఆల్బమమ్మ బతుకంతా ఒక కాటా ముందు నిలబడి గడిపింది. ఇటువైపు ఇది పెడితే అటువైపు ఏం లేస్తుందో తెలియకుండా ఏ పనీ చేయలేదు. ఇప్పుడూ తూచి చూసింది. ఇటు కొట్టు, పాతికేళ్ళ పేరు, ప్రశాంతంగా ముగిసే గురువారం. అటు ఎవరో అమ్మాయి, ఎప్పటివో తొమ్మిది మచ్చలు. సరుకు కొన్నవాడిది, చీటీ ఆయన రాసినది. వ్యాపారం లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అయినా ముల్లు మధ్యకు రావడం లేదు.

కిందికి దిగి గొడుగులాయన ఫోను అడిగింది.

"నీ ఫోనేమైంది?"

"నా ఫోనుతో చేయడం ఇష్టం లేదు."

అతను ఏదో ఛలోక్తి అనబోయి, ఆమె మొహం చూసి మానేసి, ఫోను ఇచ్చి కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టాడు. మామూలుకన్నా గట్టిగా, మాటలు బయటికి వినబడకుండా.

ఆరు రింగుల తర్వాత ఒక ఆడగొంతు. "ఎవరు?"

"ఆల్బమ్ కొట్టమ్మా. ఏడేళ్ళ కిందట..."

అవతల తలుపు మూసి గడియ పెట్టిన చప్పుడు వినబడింది.

"నా నెంబరు ఆయనకిచ్చారా?"

"లేదు. నాకే ఇవ్వాళ దొరికింది."

"ఫోటోలున్నాయా అక్కా?"

"ఉన్నాయి."

"మీరు శుభ్రం చేసినవా?"

"చేయనివి కూడా. తొమ్మిదీ."

మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "సోమవారం కోర్టు. పాపను ఆయనకే ఇమ్మంటున్నాడు. నాకు మతి సరిగా లేదట, కొట్టాడన్నది నా కల్పనట. సాక్ష్యం ఏదీ అంటున్నారు. ఆ చివరి రెండు నెలలు నేను ఆస్పత్రిలో ఉన్నానక్కా. మెట్ల మీంచి పడ్డానని నేనే చెప్పాను అక్కడ. పక్కనే నిలబడి ఉన్నాడు, ఇంకేం చెప్తాను? ఆ కాగితమే ఇప్పుడు నాకు ఎదురు చూపిస్తున్నాడు."

"పాప ఎక్కడుందిప్పుడు?"

"నా దగ్గరే. సోమవారం దాకా."

ఆల్బమమ్మ ఫోను చెవికి ఇంకాస్త నొక్కుకుంది. "రేపు నాలుగింటికి ఆయనిక్కడికి వస్తాడు. శుక్రవారం పొద్దున ఒక చిరునామాకు రాగలవా? ఈ కొట్టుకు మాత్రం రావద్దు."

ఫోను తిరిగిచ్చేటప్పుడు గొడుగులాయన మిషను ఆపాడు. "అక్కా, నాకేం చెప్పక్కర్లేదు. రేపు నాలుగింటికి నేనెక్కడికీ వెళ్ళను. అంతే."

మిషను చప్పుడులో కూడా విన్నాడన్నమాట.

గురువారం నాలుగు కాకముందే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తొందర లేని అడుగులు, ఒక్కో మెట్టూ లెక్కపెట్టినట్టు. ఆల్బమమ్మ రెండు చేతులూ బల్ల కింద ముడుచుకుంది.

పళ్ళ డాక్టరు నవ్వుతూ వచ్చాడు. జేబురుమాలుతో స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు. ఏ అమ్మాయి కూర్చున్న స్టూలో ఆయనకు తెలియదు.

"కానివ్వండమ్మా."

పేజీలు చూపించింది. ఒక్కోటీ దగ్గరికి వంగి చూశాడు. "మంచి పని. నిజంగా మంచి పని. ఎక్కడా తెలియడం లేదు." పదీ పెన్‌డ్రైవులో ఎక్కించుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఇక అసలువి."

ఆమె అర తెరిచి పన్నెండు ఫోటోలనూ ఎంచి, తుడిచేయమని నొక్కింది. ఆకుపచ్చ గీత కదిలింది. చెత్తబుట్ట ఖాళీ చేసింది. సున్నాలు రాసింది. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రోగి నోట్లోకి చూసినట్టు తెరలోకి చూస్తూ కూర్చున్నాడు.

"చీటీ?"

పుస్తకంలోంచి పసుపు చీటీ చింపి ఇచ్చింది. చదువుకుని, నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నాడు.

"ఇంకెక్కడా నకలు లేదుగా?"

ఇదే ఆ ప్రశ్న. రెండు రోజులుగా దీని చుట్టూనే తిరుగుతోంది ఆమె భయమంతా. పాతికేళ్ళలో ఈ బల్ల మీదుగా ఒక్క అబద్ధం దాటనివ్వలేదు. కొత్తవాళ్ళెవరైనా అనుమానపడితే పక్క కొట్లవాళ్ళే సర్దిచెప్పేవాళ్ళు. ఆ పేరంతా ఇప్పుడు గల్లాలో దాచిన కట్టలాగా తన దగ్గర ఉందని, దాన్ని ఒక్కసారే ఖర్చు పెట్టగలనని ఆమెకు తెలుసు.

"చేతులు మారిన సరుకు నేను ఉంచుకోనండీ," అంది. "కింద అడగండి. ఈ బజారంతా అడగండి."

"అడిగాను," అన్నాడాయన. "అందరూ అదే చెప్పారు. మొన్నేదో డిస్కు అమ్మారట?"

"వాడని పూలూ లేసులూ అండీ. కార్డులు చేసుకునేవాళ్ళకు. ఇంకా రెండు ఖాళీ ఫోటో ఫ్రేములు మిగిలాయి, కావాలా? మీ ఆస్పత్రి గోడకు బాగుంటాయి."

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. కింద గొడుగులాయన ఉన్నట్టుండి గొంతెత్తి ఎవరినో పిలిచాడు, "అన్నా, కాసేపు కూర్చో, అక్క దిగాక అందరం టీ తాగుదాం!" అక్కడ ఏ అన్నా లేడని ఆల్బమమ్మకు తెలుసు.

పళ్ళ డాక్టరు నవ్వి లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "మీ కింది పన్ను ఒకటి కదులుతున్నట్టుందమ్మా. మాట్లాడేటప్పుడు తెలుస్తోంది. ఓసారి వచ్చి చూపించుకోండి. నిర్లక్ష్యం చేస్తే పక్కవి కూడా పోతాయి."

బూట్ల చప్పుడు కింది దాకా వెళ్ళి, వీధిలో కలిసిపోయేదాకా ఆమె కదల్లేదు. తర్వాత నాలుకతో కింది పళ్ళన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. ఏదీ కదలడం లేదు.

శుక్రవారం పొద్దున డ్రాయింగ్ టీచరు ఇంటికి చుట్టుదారిలో వెళ్ళింది, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ. గులాబీ చీటీ చీర కుచ్చిళ్ళలో దోపుకుంది. ఆ అమ్మాయి అప్పటికే వచ్చి, తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. ఎవరైనా తోస్తే ముందు తనకు తెలియాలన్నట్టు. ఏడేళ్ళకు పదిహేనేళ్ళు పెరిగినట్టుంది.

టీచరు నల్ల డిస్కు తగిలించింది. మంగళవారం చెత్తబుట్టలోంచి లాగిన అర అక్కడే, పసుపు పూలకూ ఎర్ర పూలకూ మధ్య ఉంది. ఆల్బమమ్మ దాన్ని తెరిచి, పేజీ కట్టడానికి కూర్చుంది. లాయరుకు విడివిడి ఫోటోలిస్తే చాలదు, పక్కపక్కన పెట్టి చూపించాలి. ఎడమవైపు అసలు ఫోటో. కుడివైపు తను నున్నగా చేసినది. కింద కెమెరా వేసిన తేదీ.

అలవాటు ప్రకారం చెయ్యి కాగితాల వైపు వెళ్ళింది. టీచరు సర్దిన వరసలు, ఇరవై రెండు వేలు. లేత నీలాలు, గీతలవి, చుక్కలవి, పాత ఉత్తరాల్లాంటివి. పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. ఇంత సరుకులో ఈ ఫోటోల కింద పరచదగ్గది ఒక్కటీ లేదు. అన్నీ మూసేసి తెల్లగా వదిలేసింది. లేసు లేదు, పువ్వు లేదు, మూలన కుట్టు లేదు. ఆమె చేతుల మీదుగా వెళ్ళిన మొదటి బోడి పేజీ అదే.

ఆ అమ్మాయి లేచి వచ్చి వెనక నిలబడింది. తెర మీద తన చెయ్యి చూసుకుని, తెలియకుండానే కుడిచేత్తో ఎడమ మోచెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి వదిలేయమన్నానక్కా మిమ్మల్ని."

"అన్నావమ్మా. విన్నాను గానీ వినలేదు." ఆల్బమమ్మ తల తిప్పలేదు. "తొమ్మిదీ ఉన్నాయి ఇప్పుడు."

టీచరు ప్రింటరులోంచి పేజీలు తీసి వరసగా పేర్చింది. గులాబీ చీటీ వాటిపైన పెట్టింది. చివరన ఒక ఖాళీ కాగితం మిగిలింది. ఆల్బమమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని, బిల్లు రాసినట్టు వరసగా రాసింది. మొదటి నెల, ఎడమ మోచేతి పైన వేళ్ళ గుర్తులు, తీసినది నేను. రెండో నెల, మెడ కుడిపక్క, తీసినది నేను. మూడో నెల, దవడ కింద. అలా తొమ్మిది.

"మీ పేరు రాస్తే ఆయనకు తెలిసిపోతుంది," అంది ఆ అమ్మాయి. "నకలు లేదని మీరు చెప్పింది అబద్ధమని కూడా తెలుస్తుంది. కొట్టు..."

"తెలుస్తుంది."

"భయం లేదా అక్కా?"

"ఎందుకు లేదు? ఇదిగో చూడు." సంతకం పెట్టబోతున్న చెయ్యి కాగితం మీద నిలవడం లేదు. కలం కొన ఒకచోట చుక్క, ఇంకోచోట గీత పెట్టి ఆగింది.

డ్రాయింగ్ టీచరు తన వణికే చేతిని తెచ్చి కాగితం అంచు మీద అదిమి పట్టింది. "వణకనీండి. నేను పదేళ్ళుగా వణుకుతూనే గీస్తున్నాను. గీత గీతే."

ఆల్బమమ్మ సంతకం పెట్టింది. వంకరగా వచ్చింది గానీ పేరు చదవడానికి వస్తోంది. చేతిసంచిలోంచి రబ్బరు ముద్ర తీసి, సిరాపెట్టెలో రెండుసార్లు ఒత్తి, సంతకం పక్కన వేసింది. కింద మెట్ల మీద ఎవరివో అడుగులు వినబడ్డాయి. ముగ్గురూ తలుపు వైపు తిరిగారు. అడుగులు తలుపు దాటి పై అంతస్తుకు వెళ్ళిపోయాయి.

ముద్ర ఎత్తి చూసింది. కొట్టు పేరు, డోరు నెంబరు, వీధి, అన్నీ అక్షరం చెదరకుండా పడ్డాయి.